రేకు డబ్బాలో దేవాలయాలు

మా మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్నగారి గది సర్దుతున్నాం. రేకు డబ్బా ఒకటుంది, నిండా నెగెటివ్‌లే. పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు. నువ్వైతే చూసుకుంటావని..." అంది. మాస్టారు పోయి అప్పటికి ఇంకా నెల కాలేదు. వెళ్లి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి మూత తియ్యగానే ఘాటుగా వెనిగర్ వాసన కొట్టింది. పాత ఎసిటేట్ ఫిల్ము చెడిపోవడం మొదలుపెడితే వచ్చే వాసన అది. ఒక షీటుకి పడితే దాని ఆవిరికి పక్కనున్నవీ పాడవుతాయి. ఈ పనిలో ఉన్నవాడిగా నేను చెయ్యాల్సింది వెంటనే కిటికీలు తెరిచి, మంచివి ఒక పక్కకి, చెడినవి ఒక పక్కకి తియ్యడం. ఆ పని చెయ్యకుండా డబ్బా మీదికి వంగి ఇంకోసారి గట్టిగా పీల్చాను.

డార్క్‌రూమ్‌లో స్టాప్ బాత్ (డెవలప్ కావడాన్ని ఆపే ద్రావణం) ట్రే వాసన కూడా అచ్చం ఇదే. అదీ ఎసిటిక్ యాసిడే కదా. ఆ వాసన తగిలితే చాలు, దాని వెనకే సాంబ్రాణి వాసన కూడా వస్తున్నట్టు ఉంటుంది నాకు. ఎందుకంటే మాస్టారి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో పొద్దున చర్చిలో ఫొటోలు తీసి, సాయంత్రం డార్క్‌రూమ్‌లో కడిగేవాళ్లం. ఆదివారం రాత్రికి నా చొక్కా రెండు వాసనలూ కలిపి కొట్టేది. ఉతికినా పోయేది కాదు.

మాస్టారు కతోలికులు. నేను కాదు. దివ్యబలిపూజ అంటే చర్చిలో జరిగే పూజ అనీ, మేత్రాణులంటే బిషప్‌గారనీ కూడా తెలియకుండానే ఆ పనిలోకి వెళ్లాను. నాకు తెలిసిన చర్చి అంతా కెమెరా వెనక నుంచి తెలిసిందే. అది కూడా మొదట తలకిందులుగా.

*

పెద్ద స్టాండు కెమెరా అది. వెనక గరుకు గాజు పలక. మొదటిరోజు మాస్టారు నల్లగుడ్డ ఎత్తి "దూరరా" అన్నారు. దూరాను. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఏమీ కనబడలేదు. తర్వాత మెల్లగా ఒక దేవాలయం, అంటే చర్చి, దిగింది. శిఖరం కిందికి, మెట్లు పైకి. లోపలికి వెళ్లి పెట్టినప్పుడు ఇంకా చిత్రం. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) దాచే మందసం దగ్గర ఎప్పుడూ వెలిగే ఎర్రదీపం గొలుసుతో సహా నేలమీద నుంచి పైకి మొలిచినట్టు నిలబడి ఉంది. కప్పు కింద ఉంది, పడవ అడుగులా.

ఆ మాటే అన్నాను, "పడవలా ఉంది మాస్టారూ" అని. ఆయన గుడ్డలోకి తల పెట్టి చూసి, "ఉండదా మరి? జనం కూర్చునే ఆ పొడవాటి భాగాన్ని నేవ్ అంటారు. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ. మన నావే" అన్నారు. నావిస్, నావ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని చాలా ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. మాస్టారు మాత్రం అప్పుడు ఏదో పక్కింటివాళ్ల చుట్టరికం చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు.

బయట నుంచి తీసేటప్పుడు ఆయన చాదస్తం అంతా గోపురాల మీదే. కెమెరాని పైకి ఎత్తి తీస్తే గోపురాలు వెనక్కి వాలిపోతాయి, ఎవరో తోసినట్టు. ఆయన కెమెరాని ససేమిరా వంచరు. నిటారుగానే ఉంచి, లెన్సు ఉన్న ముందుపలకని మాత్రం పైకి జరుపుతారు. అప్పుడు గీత గీసినట్టు నిలబడేవి గోడలు. "వాళ్లు తూకపు గుండు వేలాడదీసి కట్టారు. మనం వంకర చేసే హక్కు లేదు" అనేవారు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే చర్చి ఫొటోలన్నీ గాలివానలో ఇరుక్కున్నట్టు వాలి ఉంటాయి. ఎవరికీ పట్టదు. నాకు మాత్రం చూస్తుంటే మెడ నొప్పి పుడుతుంది.

ఆ స్టాండు చేవదేరిన కర్రతో చేసింది. దాని బరువు నా కుడికాలి బొటనవేలికి బాగా తెలుసు. మ్రానికొమ్మల ఆదివారానికి (ఈస్టరుకి వారం ముందు వచ్చే ఆదివారం) ముందురోజు నా చేతిలోంచి జారి నేరుగా దానిమీదే పడింది.

*

లోపల తియ్యడం అంటే ఓపిక పరీక్షే. మాస్టారికి ఫ్లాష్ అంటే గిట్టదు. "దీపం వెలుగు కోసం కట్టిన చోట పిడుగు వేస్తామా?" అనేవారు. అందుకని లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, మూత తీసి, లెక్కపెట్టుకునేవాళ్లం. లెక్క అంకెల్లో కాదు. ఆయన పెదవులు కదలకుండా మరియమ్మకి చేసే మంగళవార్త జపం చెప్పుకునేవారు. మబ్బు రోజైతే మూడు, ఎండ రోజైతే ఒకటి, పొద్దున్నే అయితే ఐదు. నా చేతికి గడియారం వచ్చాక కూడా నేను అలాగే కొలిచేవాణ్ణి. అలా ఆ జపం నాకు కంఠస్థం అయింది. ఇప్పటికీ పాలు కాగే లోపు అప్రయత్నంగా నోట్లో తిరుగుతుంది.

అంతసేపు మూత తెరిచి ఉంచితే కదిలే మనుషులు ఫిల్ము మీద పడరు. డబ్బాలో అలాంటి షీటు ఒకటి దొరికింది. పక్క వసారాలో జనం తిరుగుతూనే ఉండి ఉంటారు. ఒక్కరూ లేరు బొమ్మలో. ఖాళీ బల్లలు, స్తంభాలు, కిటికీల దగ్గర వెలుగు పొంగి తెల్లటి మరక. మధ్యలో మోకాళ్లమీద ఒక ముసలమ్మ. ఆవిడ ఒక్కతే కదలకుండా ఉన్నట్టుంది. ముఖం మీద ముడతలు కూడా లెక్కపెట్టచ్చు. చేతుల దగ్గర మాత్రం మసక. జపమాల తిప్పుతోంది.

*

ఈ నెగెటివ్‌ల మీద తేదీలు లేవు. మాస్టారు రాయరు, ఆయన కంటే ముందు వాళ్ల నాన్నగారు కూడా రాసేవారు కాదు. మొదట్లో నాకు అది బద్ధకం అనిపించేది. అడిగితే "బొమ్మలోనే రాసి ఉంది, చదవడం నేర్చుకో" అన్నారు. ఆ నేర్పించడమే ఆయన నాకు ఇచ్చిన అసలు చదువు.

ఎర్రబల్బు కింద ఒక్కో ప్రింటు తడితడిగా పట్టుకుని ప్రశ్నలు వేసేవారు. బలిపీఠం గోడకి ఆనుకుని ఉందా, విడిగా ముందుకొచ్చి ఉందా? ఫాదర్ వీపు కనిపిస్తోందా, ముఖం కనిపిస్తోందా? వీపు అయితే చాలావరకు 1960ల మధ్యకి ముందుది. కతోలిక బిషప్‌లందరూ కూడిన రెండో వాటికన్ మహాసభ 1962లో మొదలై 1965లో ముగిసింది. ఆ కాలంలోనే పూజ లాటిన్ నుంచి జనం భాషల్లోకి రావడం, పీఠం జనం వైపు తిరగడం మొదలైంది. కొత్త పూజాక్రమం 1969లో వచ్చింది. ఫాదర్ ఎడమ ముంజేతికి చిన్న పట్టీలాంటి గుడ్డ వేలాడుతోందా? దాని పేరు మానిపుల్. 1967 నుంచి అది తప్పనిసరి కాదు, చూస్తుండగానే మాయమైంది. సత్ప్రసాదం తీసుకునేవాళ్లు పీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరించారా, నిలబడ్డారా? ఫాదర్ పూజావస్త్రాలు వేసుకునే సాక్రిస్టీ గదిలో మేకుకి నాలుగు మూలల నల్లటోపీ వేలాడుతోందా?

రంగులు ఇంకో తంటా. పూజావస్త్రం ఆకుపచ్చదైతే సామాన్యకాలం, ఊదాది అయితే క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమనకాలమో ఈస్టరుకి ముందొచ్చే తపఃకాలమో, తెల్లది క్రిస్మస్, పాస్కా (ఈస్టరు) పండుగలకి, ఎరుపు విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షులకీ పవిత్రాత్మ పండుగకీ. ఏడాదికి రెండే రెండు ఆదివారాలు గులాబీరంగు వేసుకోవచ్చు. కానీ నలుపు-తెలుపు ఫిల్ముకి ఇవన్నీ బూడిదే. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. మాస్టారి నాన్నగారి నాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్మైతే ఎరుపుని అసలు చూడలేదు, నల్లగా పడుతుంది. అందుకని వస్త్రాన్ని వదిలేసి చుట్టూ చూడాలి. స్వరూపాలకి, అంటే విగ్రహాలకి, ముసుగులు కప్పి ఉంటే తపఃకాలం చివరి రెండు వారాలు. పీఠం మీద గుడ్డ కూడా లేకుండా బోసిగా ఉంటే పాస్కాకి ముందొచ్చే పవిత్ర గురువారం పూజ అయిపోయిన తర్వాత. పీఠబాలుడి చేతిలో గంటకి బదులు కర్ర చిడతలాంటిది ఉంటే అదీ ఆ రోజుల్లోదే. గురువారం మహిమ గీతంలో మోగిన గంటలు మళ్లీ పాస్కా ముందురాత్రి జరిగే జాగరణలో అదే గీతం వచ్చేదాకా మోగవు.

నేను బోల్తా పడింది ఒక్కదాంట్లో. వాళ్ల నాన్నగారి షీటు అది. చర్చి ముందు ఆవరణలో నిప్పు రాజేసి ఫాదర్ ఆశీర్వదిస్తున్నారు, పక్కన ధూపపాత్రతో కుర్రాడు. పాస్కా జాగరణ మొదలయ్యే తీరు అదే. కానీ బొమ్మలో ఎండ కాస్తోంది. నీడలు స్పష్టంగా నేలమీద ఉన్నాయి. జాగరణ రాత్రి చేస్తారు కదా, ఇదేదో రిహార్సల్ అన్నాను ధీమాగా. మాస్టారు చాలాసేపు నవ్వారు. కొన్ని వందల ఏళ్లపాటు ఆ జాగరణని శనివారం పొద్దున్నే కానిచ్చేవారట! "ఈ రాత్రి, ఈ రాత్రి" అంటూ పట్టపగలు పాడేవాళ్లన్నమాట. పన్నెండవ పయస్ పోపుగారు 1951లో రాత్రిపూట చెయ్యడానికి ప్రయోగంగా అనుమతిచ్చారు. 1956 నుంచి అదే నియమం అయింది. "ఆ కర్ర చూడు" అని చూపించారు. ఒకే కర్రకి మూడు కొవ్వొత్తులు. పాత పద్ధతిలో కొత్త నిప్పుని లోపలికి అలా తీసుకెళ్లేవారు. ఎండ, మూడు కొవ్వొత్తులు. తేదీ ఇంకెక్కడ రాయాలి?

*

గురువు అనే మాటతో కొన్నాళ్లు గొడవ నడిచింది. నాకు పని నేర్పే ఆయన్ని "గురువుగారూ" అని పిలిచేవాణ్ణి. చర్చి భాషలో గురువు అంటే ఫాదర్. ఒకసారి నేను అలా కేకేస్తే ఎనిమిదిమంది ఫాదర్లు ఒక్కసారే తల తిప్పారు, గ్రూపు ఫొటో తీస్తుండగా. ఆ రోజు నుంచి మాస్టారు అయ్యారు.

ఆ ఎనిమిదిమంది వచ్చింది ఒక కుర్రాణ్ణి ఫాదర్‌ని చేసే గురుపట్టాభిషేకానికి. నేను ఎప్పటికీ మర్చిపోలేనిది, మర్చిపోవాలనుకున్నది కూడా అదే.

పట్టం పుచ్చుకోబోయే కుర్రాడు తెల్ల అంగీతో నేలమీద బోర్లా పడుకున్నాడు, పీఠం ముందు. జనమంతా పునీతుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ ప్రార్థన పాడుతున్నారు. ఒక్కో పేరుకీ అందరి గొంతులూ అలలా లేచి పడుతున్నాయి. ఆ షాటు నేను అందించిన ఫిల్ము హోల్డర్‌తో తీశారు మాస్టారు. తర్వాత కుర్రాడు లేచి మోకరించాడు. బిషప్‌గారు రెండు చేతులూ అతని తలమీద పెట్టారు. అక్కడ ఒక్క మాట ఉండదు. పాట లేదు, గంట లేదు. బిషప్‌గారి తర్వాత ఫాదర్లు ఒకరి వెనక ఒకరు వచ్చి అలాగే చేతులు పెట్టి వెళ్తారు. చెప్పుల చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఆ చోట షట్టరు టక్కుమంటే తల కొట్టేసినట్టుంటుందని మాస్టారు షట్టరు వాడలేదు. మూత తీసి, జపం చెప్పుకుని, మూత పెట్టారు.

రాత్రి కడిగాం. బిషప్‌గారి చేతుల కింద ఉండాల్సిన కుర్రాడు మోకరించి ఉన్నాడు, అదే సమయంలో నేలమీద బోర్లా పడుకునీ ఉన్నాడు. ఒకడిలోంచి ఒకడు. తీసేసిన హోల్డర్‌నే మళ్లీ అందించాను నేను. ఒకే ఫిల్ము మీద రెండు బొమ్మలు.

మాస్టారు ఏమీ అనలేదు. అదే భయం. నేను గొంతు పెగల్చుకుని, "రేపు వాళ్లని అడిగి మళ్లీ ఒకసారి చేయిస్తే..." అన్నాను. పెళ్లిళ్లలో తలంబ్రాలు మళ్లీ పోయించి తీసుకోవడం చూసినవాణ్ణి కదా. ఆయన అప్పుడు నోరు విప్పారు. "గురుపట్టం రెండోసారి ఇవ్వరురా. బతికున్నన్నాళ్లూ ఒక్కసారే." ఆయన జ్ఞానస్నానాన్ని గానీ, పట్టాన్ని గానీ, సత్ప్రసాదాన్ని గానీ ఎప్పుడూ ఫొటో కోసం మళ్లీ నటింపజెయ్యలేదు. గ్రూపు ఫొటోకి మాత్రం గంటసేపు ఎండలో నిలబెట్టేవారు, బిషప్‌గారినైనా సరే.

అదృష్టం ఏమిటంటే ఆ తర్వాతి షీటు బాగా వచ్చింది. అరచేతులకి పరిమళ తైలం పూస్తారు. ఆ తైలం తుడిచిన గుడ్డని తల్లికి ఇచ్చే ఆచారం ఉంది. ఆవిడ దాచుకుని, పోయినప్పుడు తనతోపాటు పెట్టించుకుంటుంది. ఆ గుడ్డ పట్టుకుని నిలబడిన తల్లి. ముక్కుకి దగ్గరగా పెట్టుకుని వాసన చూస్తోంది. తీసింది మాస్టారే గానీ, "అటు చూడండి" అని ఆయన మోచెయ్యి లాగింది నేను. ఇన్నేళ్లయినా ఆ గొప్ప వదులుకోలేను.

*

ఫాదర్ల పోర్ట్రయిట్లు పెద్దగా చెప్పుకునేంత ఉండవు. ముప్పావు ముఖం, ఒక పుస్తకం, వెనక తెర. ఫాదర్ అయిన ఇరవై అయిదేళ్ల పండుగకి తీసిన ఫొటోయే చివరికి శవపేటిక పక్కన పెట్టేది అవుతుంది. అక్కడ కూడా ఒక గుర్తు ఉంది. మామూలు విశ్వాసుల పేటిక కాళ్లు పీఠం వైపు ఉండేలా పెడతారు, బతికుండగా పీఠాన్ని చూసినట్టే. ఫాదర్ పేటిక తల పీఠం వైపు, అంటే జనాన్ని చూస్తూ.

బిషప్‌గారి చిత్రపటాల్లో కింద ముద్ర ఉంటే అందులోని టోపీకి వేలాడే కుచ్చులు లెక్కపెట్టమనేవారు. పక్కకి ఆరు ఉంటే బిషప్, పది ఉంటే ఆర్చిబిషప్, పదిహేను ఉంటే కార్డినల్. కార్డినల్ అనగానే మాస్టారికి ఒక కథ గుర్తొచ్చేది. తర్వాతి కాలంలో పదమూడవ లియో పోపుగారైన ఆయన, కార్డినల్‌గా ఉన్నప్పుడు 1867లో ఫొటోగ్రఫీ మీద లాటిన్‌లో పద్యం రాశారు. సూర్యుడి వెలుగు గీసిన బొమ్మని పొగుడుతూ. చర్చికి ఫొటోలెందుకండీ అని ఎవరైనా సణిగితే మాస్టారు ఈ కథ తీసి విసిరేవారు.

*

మాస్టారి దగ్గర పాత చర్చిల ఫొటోల పుస్తకాలు కొన్ని ఉండేవి. ఫ్రాన్స్ ప్రభుత్వం 1851లో అయిదుగురు ఫొటోగ్రాఫర్లని పాత కట్టడాలు తియ్యడానికి పంపింది. వాళ్లలో లె సెక్ అనే ఆయన తీసిన రాతి శిల్పాలంటే మాస్టారికి ప్రాణం. అక్కడి షార్ట్ర్ దేవాలయానికి రెండు గోపురాలు, ఒకదాని శిఖరం పన్నెండో శతాబ్దంది, ఇంకోదాని శిఖరం పదహారో శతాబ్దపు మొదట్లోది. పొడుగు వేరు, పనితనం వేరు. "అన్నదమ్ములు మూడున్నర వందల ఏళ్ల తేడాతో పుట్టారు" అనేవారు.

2019 ఏప్రిల్‌లో పారిస్ నోటర్ డామ్ చర్చి కాలుతుంటే నేను టీవీ ముందు కూర్చుని ఆయనకి ఫోన్ చేశాను. శిఖరం విరిగి పడిపోయింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాగి బొమ్మలు?" అని అడిగారు. శిఖరం చుట్టూ పన్నెండుమంది అపోస్తలులు, నలుగురు సువార్తికుల చిహ్నాలు, మొత్తం పదహారు విగ్రహాలు. మరమ్మతు కోసం నిప్పు అంటుకోవడానికి నాలుగు రోజుల ముందే క్రేన్‌తో దింపేశారు. ఆ మాట చెప్తే "హమ్మయ్య" అని పెట్టేశారు. 2024 డిసెంబరులో మళ్లీ తెరిచినప్పుడు లోపలి గోడలు పాలరంగులో మెరుస్తున్నాయి. నాకు నచ్చింది. మాస్టారు మాత్రం "మసి లేకపోతే నీడ ఎక్కడ పడుతుంది?" అని ముఖం చిట్లించారు.

*

డబ్బా అడుగున ఉన్న షీటు ఇంకా కుళ్లలేదు. దానికి అంటించి చిన్న కాంటాక్టు ప్రింటు (నెగెటివ్ అంత సైజులోనే వేసింది), దాని మీద మాస్టారు కటింగ్ కోసం ఎర్ర పెన్సిల్‌తో గీసిన గీతలు.

పాస్కా జాగరణ. చీకట్లో జనం చేతుల్లో కొవ్వొత్తులు, వెలుగు గడ్డాల కిందనుంచి పడుతోంది. నడుమ నిలువెత్తు పాస్కా కొవ్వొత్తి. ఇప్పటి పద్ధతిలో దానిమీద సిలువ చెక్కి, నాలుగు మూలల్లో ఆ సంవత్సరపు నాలుగంకెలు వేస్తారు. ఇంతకంటే సులువుగా తేదీ ఎక్కడా దొరకదు. భూతద్దం తెచ్చాను. పైన ఆల్ఫా (గ్రీకు మొదటి అక్షరం) ఉంది. ఎడమవైపు మూలలో 1, కుడివైపు మూలలో 9. కింది రెండంకెలకీ ఫాదర్ మోచెయ్యి అడ్డం.

ఆ 1, 9 నాకూ తెలుసు. మిగతా గుర్తులు వెతికాను. పీఠం విడిగా ఉంది. మానిపుల్ లేదు. అంతకు మించి ఏమీ దొరకలేదు. భూతద్దాన్ని అంచుల వెంబడి నడిపించాను, ఆయన నేర్పినట్టే. ఎడమ అంచున, కింద, ఒక పాదం. చెప్పులు లేవు. ముంగాలు వరకే, మిగతా మనిషి ఫ్రేము బయట. బొటనవేలికి కట్టు. కట్టు కట్టిన గుడ్డకి గళ్ల అంచు ఉంది. స్టాండు పడిన రోజు మాస్టారు తన జేబురుమాలు నిలువునా చించి కట్టారు.

సంవత్సరం తెలిసిపోయింది. వారం, గంటతో సహా.

ఎర్ర గీత ఎక్కడ గీశారో చూశాను. అంచుల విషయంలో ఆయన కర్కోటకుడు. మూలన చీపురు కనిపించినా, ఎవరి మోచెయ్యి పొడుచుకొచ్చినా నిర్దాక్షిణ్యంగా కోసేసేవారు. ఈ గీత స్కేలు పెట్టి గీసిందే. నా పాదం మీదుగా పోయింది. నాలుగు వేళ్లూ గీతకి బయట. బొటనవేలు లోపల.